బయటి ప్రోగ్రామ్‌కు ఆర్గ్యుమెంట్లు ఎలా పంపాలి: స్ట్రింగా, లిస్టా, స్టాండర్డ్ ఇన్‌పుటా, ఫైలా?

మా పర్లాకిమిడిలో పెళ్లి కార్డు అంటే ఒకవైపు తెలుగు, రెండోవైపు ఒడియా. మహేంద్రతనయ నది అవతల పాతపట్నం నుంచి వచ్చేవాళ్లకు తెలుగు ఒక్కటే చాలు. ఇటు కాశీనగరం వైపు వాళ్లకు రెండూ ఉండాలి. అందుకే మా డీటీపీ షాపు కంప్యూటర్లో ఫైళ్ల పేర్లు చూస్తే తల తిరుగుతుంది: "శ్రీను & లక్ష్మి.పీడీఎఫ్", "ఫైనల్ 2 - నాన్నగారు చెప్పిన మార్పులు.పీడీఎఫ్", "బాబు'స్ బర్త్‌డే (కొత్తది).జేపీజీ", వాటి పక్కనే పూర్తిగా ఒడియా లిపిలో ఇంకో పది. వీటిని బొమ్మలుగా మార్చడం, సైజు తగ్గించడం, పాత కాగితాలు స్కాన్ చేసి అక్షరాలు బయటికి తీయడం, అన్నీ పైథాన్ స్క్రిప్టులతోనే చేస్తాను. స్క్రిప్టు చేసే అసలు పని తక్కువే. ఇమేజ్‌మ్యాజిక్ (బొమ్మలకు), టెసరాక్ట్ (స్కాన్‌లోని అక్షరాలు చదవడానికి), ఎఫ్ఎఫ్ఎంపెగ్ (వీడియోలకు) లాంటి బయటి ప్రోగ్రాములను పిలిచి, ఏ ఫైలు మీద ఏం చేయాలో చెబుతుంది. అలా చెప్పే ఒక్కో మాటా ఒక ఆర్గ్యుమెంట్.

ఆ చెప్పడంలోనే ఒకసారి దెబ్బ తిన్నాను. "పాత కార్డులు 2023" అనే ఫోల్డర్‌ను బ్యాకప్ తీసి చెరిపేయాలి. స్క్రిప్టులో ఓఎస్.సిస్టమ్("ఆర్ఎం -ఆర్ఎఫ్ " + ఫోల్డర్) అని రాశాను. షెల్‌కు, అంటే కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాముకు, అందింది ఒక ఫోల్డర్ పేరు కాదు, మూడు పేర్లు: పాత, కార్డులు, 2023. మొదటి రెండూ లేవు. మామూలుగా అయితే లేవని చెప్పేది, కానీ -ఎఫ్ పెట్టాను కదా, నోరు మెదపలేదు. మూడోది మాత్రం ఉంది. ఆ ఏడాది చేసిన డిజైన్లన్నీ అందులోనే. సాయంత్రం మా తమ్ముడు "అన్నా, 2023 ఫోల్డర్ ఎక్కడ పెట్టావ్?" అని అడిగేదాకా నాకు తెలియలేదు. సగం పెన్‌డ్రైవుల్లో దొరికాయి, ఇంకొన్ని కస్టమర్ల వాట్సాప్‌ల నుంచి అడిగి తెచ్చుకున్నాం. చెరపాలనుకున్న ఫోల్డర్ మాత్రం చెక్కుచెదరకుండా అలాగే ఉంది.

గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతూ సెలవుల్లో మా షాపుకొచ్చే కుర్రాళ్లు కూడా ఈ తప్పే చేస్తారు. వాళ్లకు నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. కమాండ్లు, ఫంక్షన్ల పేర్లు తెలుగు లిపిలో ఉన్నాయి, టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీషులోనే కొట్టండి.

## ముందుగా చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఒకటే: కమాండ్ వరుసను ఆర్గ్యుమెంట్లుగా, ముక్కలుగా కోసేది ఎవరు?

లినక్స్‌లో కొత్త ప్రోగ్రాం మొదలయ్యేది ఎగ్జెక్‌వీఈ అనే సిస్టమ్ కాల్‌తో. అది స్ట్రింగుల వరుసను తీసుకుంటుంది. ఒక్కో స్ట్రింగు ఒక్కో ఆర్గ్యుమెంట్. మధ్యలో స్పేస్ ఉన్నా, యాంపర్‌సాండ్ ఉన్నా, కొత్త లైను ఉన్నా కర్నెల్‌కు పట్టదు. ఒక్క సున్నా బైటు మాత్రం మధ్యలో రాకూడదు, ఎందుకంటే స్ట్రింగు ఎక్కడ అయిపోయిందో దాంతోనే తెలుస్తుంది. అంటే ముక్కలు ముందే తయారుగా ఉంటే, లినక్స్ వాటిని ముట్టుకోకుండా అవతలికి చేరుస్తుంది.

విండోస్‌లో అలా కాదు. క్రియేట్‌ప్రాసెస్ తీసుకునేది ఒకే ఒక పొడుగాటి స్ట్రింగు. దాన్ని కోసుకునేది అవతలి ప్రోగ్రామే, మొదలైన తర్వాత. ఎక్కువ ప్రోగ్రాములు మైక్రోసాఫ్ట్ సీ లైబ్రరీ నియమాల ప్రకారం కోసుకుంటాయి. కొన్ని తమకు తోచినట్టు కోసుకుంటాయి.

మన స్క్రిప్టుకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్యలో షెల్ ఉంటుంది. దీన్ని కచేరీ ముందు కూర్చుని అర్జీలు రాసే మనిషి అనుకోండి. మనం తెలుగులో చెబుతాం, ఆయన తనకు అర్థమైనట్టు ఒడియాలో రాసి లోపలికి పంపుతాడు. ఆయన అవసరం ఉన్న రోజులు ఉన్నాయి. మనకే రాయడం వచ్చినప్పుడు కూడా ఆయనకు చెప్పి రాయిస్తే ఇంటిపేరు మారిపోయి వస్తుంది.

మిగతా ప్రశ్నలు దీని వెనకే వస్తాయి. ఫైలు పేరు పెట్టింది మనమా, బయటివాళ్లా? తెలుగు, ఒడియా అక్షరాలు చెక్కుచెదరకుండా చేరతాయా? వరుస ఎంత పొడుగు? పంపేదాంట్లో పాస్‌వర్డ్ లాంటిది ఏమైనా ఉందా? స్క్రిప్టు విండోస్ మీద కూడా నడవాలా?

| పద్ధతి | కోసేది ఎవరు | బయటివాళ్లు పెట్టిన పేర్లతో | లినక్స్‌లో పొడవు | పక్క యూజర్ కంటపడుతుందా |
|---|---|---|---|---|
| షెల్‌కు ఒకే స్ట్రింగ్ | షెల్ | ప్రమాదం | 128 కేబీ | పడుతుంది |
| కోట్ చేసిన స్ట్రింగ్ | షెల్, మన కోట్లను నమ్మి | లినక్స్‌లో పనికొస్తుంది | 128 కేబీ | పడుతుంది |
| లిస్టు | మనమే | మంచిది, ముందు గీత ఒక్కటి చూసుకోవాలి | ఒక్కోటి 128 కేబీ, మొత్తం 2 ఎంబీ | పడుతుంది |
| స్టాండర్డ్ ఇన్‌పుట్ | అవతలి ప్రోగ్రాం | మంచిది | హద్దు లేదు | పడదు |
| ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ | కోత ఉండదు | మంచిది | లిస్టు లెక్కలోనే కలుస్తుంది | పడదు |
| జాబితా ఫైలు | అవతలి ప్రోగ్రాం, లైనుకొకటి | పేరులో కొత్త లైను లేకపోతే మంచిది | హద్దు లేదు | ఫైలు పర్మిషన్‌ను బట్టి |

## షెల్‌కు ఒకే స్ట్రింగ్

పైథాన్‌లో ఓఎస్.సిస్టమ్, సబ్‌ప్రాసెస్‌లో షెల్=ట్రూ, నోడ్‌లో చైల్డ్ ప్రాసెస్ మాడ్యూల్‌లోని ఎగ్జెక్, పీహెచ్‌పీలో షెల్_ఎగ్జెక్, అన్నీ ఇదే తెగ. టెర్మినల్‌లో కొట్టి చూసుకున్న కమాండ్‌ను అలాగే తెచ్చి అతికించవచ్చు. పైపులు (ఒక ప్రోగ్రాం అవుట్‌పుట్‌ను ఇంకోదానికి అందించేవి), స్టార్ గుర్తులు, అవుట్‌పుట్‌ను ఫైలుకు మళ్లించే బాణం గుర్తు, అన్నీ పనిచేస్తాయి. అందుకే అందరూ మొదట దీన్నే పట్టుకుంటారు.

"శ్రీను & లక్ష్మి.పీడీఎఫ్"ను ఇలా పంపితే ఏమవుతుందో చూడండి. యాంపర్‌సాండ్ అంటే షెల్‌కు "ఇక్కడిదాకా ఉన్నదాన్ని వెనకాల నడిపించు" అని అర్థం. కాబట్టి "శ్రీను" అనే ఫైలును మార్చమని ప్రోగ్రామ్‌ను పిలిచి వెనక్కి పంపేస్తుంది. తర్వాత "లక్ష్మి.పీడీఎఫ్" అనే కమాండ్‌ను వెతుకుతుంది, దొరకదు, 127 అనే ఎర్రర్ కోడ్ ఇస్తుంది. పేరులో బ్రాకెట్ ఉంటే ఇంకా నయం, సింటాక్స్ ఎర్రర్ అని మొత్తం ఆగిపోతుంది. ఆగిపోయేదానికి టెన్షన్ పడక్కర్లేదు, సగం నడిచేదే కొంప ముంచేది. సెమీకోలన్ పెట్టి దాని పక్కన చెరిపే కమాండ్ రాసి ఎవరైనా ఫైలు పేరుగా పంపితే, షెల్ దాన్ని కూడా విధిగా నడుపుతుంది.

ఇంకో మెలిక: షెల్=ట్రూ పిలిచేది టెర్మినల్‌లో మనం వాడే బ్యాష్ అనే షెల్‌ను కాదు, సిస్టమ్‌లోని ఎస్‌హెచ్ అనే షెల్‌ను. ఉబుంటులో 2006లో వచ్చిన 6.10 నుంచి అది డ్యాష్. మీ టెర్మినల్‌లో పనిచేసిన బ్యాష్ ముచ్చట్లు స్క్రిప్టులో పనిచేయకపోతే కారణం ఇదే.

కమాండ్ మొత్తం మీరే చేత్తో రాసినప్పుడు, అందులో బయటి నుంచి ఒక్క అక్షరం కూడా కలవనప్పుడు, దీన్ని వాడటంలో తప్పు లేదు. రాత్రి పదికి ఫోల్డర్‌ను జిప్ చేసే స్థిరమైన లైను ఉందనుకోండి, దానికి లిస్టు కట్టడం అనవసర శ్రమ.

## కోట్లు చుట్టి పంపడం

స్పేస్ సమస్య కనబడగానే అందరూ చేసేది పేరుకు రెండువైపులా కొటేషన్లు తగిలించడం. "బాబు'స్ బర్త్‌డే" వచ్చేదాకా బాగానే నడుస్తుంది. పేరు మధ్యలోని ఆ గుర్తు మన కోట్‌ను అక్కడే మూసేస్తుంది.

చేత్తో వద్దు, దానికి ఫంక్షన్లు ఉన్నాయి. పైథాన్‌లో ఎస్‌హెచ్‌లెక్స్.కోట్ 3.3 నుంచి ఉంది, మొత్తం లిస్టును కలిపి ఇచ్చే ఎస్‌హెచ్‌లెక్స్.జాయిన్ 3.8లో వచ్చింది. షెల్ పైపు తప్పనిసరి అయినప్పుడు, లేదా ఎస్ఎస్‌హెచ్ మీద అవతలి మెషీన్‌లో కమాండ్ నడపాల్సినప్పుడు ఇవి కావాలి. ఎస్ఎస్‌హెచ్‌కు మీరు లిస్టు ఇచ్చినా, అది అన్నిటినీ స్పేస్‌లతో కలిపి అవతలి షెల్‌కు ఒకే స్ట్రింగుగా ఇస్తుంది. ఇది తెలియక లిస్టు వాడాం కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది. ఇంకొకటి, ఈ ఫంక్షన్లు యూనిక్స్ షెల్ కోసమే. విండోస్ షెల్ అయిన సీఎండీకి సింగిల్ కోట్ అంటే ఏమీ లేదు, అక్కడ ఇవి పనికిరావు.

పీహెచ్‌పీ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక, ముఖ్యంగా మన భాషల ఫైళ్లతో పనిచేసేవాళ్లకు. ఎస్కేప్‌షెల్ఆర్గ్ అనే ఫంక్షన్ లొకేల్‌ను (భాష, అక్షరాల సెట్టింగును) చూసుకుని నడుస్తుంది. లొకేల్ ఉత్త "సి" అయి ఉంటే, తెలుగు బైట్లను చెల్లని అక్షరాలుగా లెక్కగట్టి తీసి పారేస్తుంది. "పెళ్లి.పీడీఎఫ్" కాస్తా ఎక్స్‌టెన్షన్ మాత్రమే మిగిలి, చుక్కతో మొదలయ్యే ఫైలుగా మారుతుంది. ఎర్రర్ రాదు. పీహెచ్‌పీ 7, అంతకన్నా పాతవాటిలో టెర్మినల్‌లో పనిచేసి, వెబ్ సర్వర్ కింద గానీ క్రాన్ (టైముకు దానంతటదే కమాండ్ నడిపేది) కింద గానీ పనిచేయకపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే, ఎందుకంటే అక్కడ లొకేల్ చాలాసార్లు సెట్ అయి ఉండదు. సెట్‌లొకేల్‌తో యూటీఎఫ్-8 లొకేల్ పెట్టుకోవాలి. అంతకన్నా మేలు, పీహెచ్‌పీ 7.4 నుంచి ప్రాక్_ఓపెన్‌కు నేరుగా అర్రే ఇవ్వవచ్చు. అప్పుడు షెల్ లేదు, ఈ గొడవా లేదు.

## లిస్టు

నేను రోజూ వాడేది ఇదే, పదిలో తొమ్మిదిసార్లు మీకూ ఇదే చాలు.

సబ్‌ప్రాసెస్.రన్(["టెసరాక్ట్", బొమ్మ, అవుట్, "-ఎల్", "టెల్+ఒరి"], చెక్=ట్రూ)

తెలుగుకు టెల్, ఒడియాకు ఒరి అని టెసరాక్ట్‌లో మూడేసి అక్షరాల కోడ్‌లు. ప్లస్‌తో కలిపితే రెండు లిపులూ చదువుతుంది. మరాఠీకి కూడా ఒక కోడ్ ఉంది, మహారాష్ట్రలోని సిరొంచ వైపు వాళ్లకు పనికొస్తుంది. ఇక్కడ బొమ్మ అనే వేరియబుల్‌లో ఏ పేరున్నా, అందులో ఎన్ని స్పేస్‌లున్నా, అది ఒకే ముక్కగా చేరుతుంది. నోడ్‌లో దీని సాటి ఎగ్జెక్‌ఫైల్, స్పాన్. జావాలో ప్రాసెస్‌బిల్డర్.

జావా కుర్రాళ్లకు ఒక మాట. రన్‌టైమ్‌లోని ఎగ్జెక్‌కు ఒకే స్ట్రింగు ఇచ్చే పద్ధతి ఉంది కదా, అక్కడ షెల్ ఉండదు, కోట్లూ అర్థం కావు. స్పేస్ కనబడ్డ చోటల్లా జావానే కోసేస్తుంది. అంటే షెల్ ఇచ్చే సౌకర్యం లేదు, లిస్టు ఇచ్చే భద్రతా లేదు. జావా 18 నుంచి దాన్ని వాడొద్దనే చెబుతున్నారు.

లిస్టుకు మారిన మొదటి వారంలో అందరూ చేసే తప్పులు కొన్ని ఉన్నాయి. నేనూ వరుసగా అన్నీ చేశాను.

మొదటిది, "-ఎల్ టెల్+ఒరి" అని రెండిటినీ ఒకే ముక్కలో పెట్టడం. టెర్మినల్‌లో షెల్ వాటిని విడదీసేది, ఇక్కడ విడదీసేవాళ్లు లేరు. రెండోది, అలవాటు కొద్దీ ముక్క లోపల మళ్లీ కోట్లు పెట్టడం. అవి ఫైలు పేరులో భాగమైపోతాయి, అలాంటి ఫైలు లేదని ప్రోగ్రాం అంటుంది, మనం స్క్రీన్ మీద ఉన్న ఫైలును చూస్తూ జుట్టు పీక్కుంటాం. మూడోది, స్టార్ పెడితే ఫైళ్లన్నీ వస్తాయనుకోవడం. స్టార్‌ను విప్పేది షెల్, ప్రోగ్రాం కాదు. పైథాన్‌లో గ్లాబ్ మాడ్యూల్‌తో మనమే విప్పి ఇవ్వాలి. హోమ్ ఫోల్డర్‌కు వాడే టిల్డ గుర్తూ అంతే.

నాలుగోది అన్నిటికన్నా కనిపెట్టడం కష్టం: లిస్టు ఇచ్చి, దాంతోపాటు షెల్=ట్రూ కూడా ఉంచేయడం. లినక్స్‌లో అప్పుడు మొదటి ముక్క ఒక్కటే కమాండ్ అవుతుంది, మిగతావి షెల్‌కు ఆర్గ్యుమెంట్లుగా పోతాయి. ఎల్ఎస్, -ఎల్ అని ఇస్తే ఉత్త ఎల్ఎస్ నడుస్తుంది. ఎర్రర్ లేదు, అవుట్‌పుట్ మాత్రం తేడా.

అంకెలు కూడా స్ట్రింగులుగానే ఇవ్వాలి. 1200 అని నేరుగా ఇస్తే పైథాన్ టైప్ ఎర్రర్ అంటుంది, అది మంచిదే.

ఇవన్నీ పట్టుకోవడానికి నా దగ్గర "అద్దం" అనే మూడు లైన్ల స్క్రిప్టు ఉంది. తనకు వచ్చిన ఆర్గ్యుమెంట్లను ఒక్కోదాన్ని రెప్ర్ ఫంక్షన్‌తో లైనుకొకటి చొప్పున ప్రింట్ చేస్తుంది, అంతే. అనుమానం వచ్చినప్పుడు అసలు ప్రోగ్రాం పేరు తీసి దీని పేరు పెడతాను. అవతలివాడికి ఏం చేరిందో కళ్లముందు కనబడుతుంది. చెరిపే కమాండ్ ఏదైనా ఇప్పుడు ముందు అద్దంలో చూశాకే నడుపుతాను.

### లిస్టు కాపాడనిది

పేరు గీతతో మొదలైతే లిస్టు ఏమీ చేయలేదు. "-ఆర్ఎఫ్" అనే పేరున్న ఫైలు ఒకే ముక్కగా భద్రంగా చేరుతుంది, చేరాక ప్రోగ్రాం దాన్ని ఫైలు అనుకోదు, ఆప్షన్ అనుకుంటుంది. ఇది ఊహకు చెప్పేది కాదు. కోడ్ మార్పులను భద్రపరిచే గిట్ అనే ప్రోగ్రాంలో 2017 ఆగస్టులో 2.14.1తో సరిచేసిన లోపం ఇలాంటిదే: ఎస్ఎస్‌హెచ్ చిరునామాలో మెషీన్ పేరు ఉండాల్సిన చోట గీతతో మొదలయ్యే మాట పెడితే, గిట్ దాన్ని ఎస్ఎస్‌హెచ్‌కు అందించేది, ఎస్ఎస్‌హెచ్ దాన్ని ఆప్షన్‌గా తీసుకుని అందులోని కమాండ్‌ను నడిపేది.

ఫైలు పేర్ల ముందు రెండు గీతలు (--) ఒక ఆర్గ్యుమెంట్‌గా పెడితే "ఇక ఆప్షన్లు అయిపోయాయి" అని చాలా ప్రోగ్రాములకు అర్థమవుతుంది. అన్నిటికీ కాదు. నేను అంతకన్నా సులువైనది చేస్తాను: ప్రతి ఫైలునూ పూర్తి పాత్‌తోనే పంపుతాను. అప్పుడు ప్రతి పేరూ ఏటవాలు గీతతోనే మొదలవుతుంది, ఆప్షన్‌లా కనిపించే అవకాశమే లేదు.

### తెలుగు పేర్ల సంగతి

ఇది ఇంగ్లీషు పాఠాల్లో దొరకదు కాబట్టి కొంచెం ఆగి చెబుతాను.

యూటీఎఫ్-8లో తెలుగు, ఒడియా కోడ్ పాయింట్లు (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకు ఇచ్చిన అంకెలు) ఒక్కోటి మూడు బైట్లు. "పెళ్లి" కంటికి రెండక్షరాలే, లోపల ప, ఎత్వం, ళ, పొల్లు, ల, గుడి కలిపి ఆరు. అంటే 18 బైట్లు. లినక్స్‌లోని ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌లో ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు, అంటే 85 తెలుగు కోడ్ పాయింట్లు. "నాన్నగారు చెప్పిన మార్పులు" బాపతు పేర్లు రెండు మూడు సవరణల్లోనే అక్కడికి చేరిపోతాయి. విండోస్‌లో సేవ్ అయిన పేరు లినక్స్‌కు కాపీ కాకపోతే కారణం ఇది కావచ్చు, ఎందుకంటే విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్ లెక్క బైట్లలో కాదు, యూటీఎఫ్-16 యూనిట్లలో.

ఇంకోటి కంటికి కనబడని అక్షరం. "కంప్యూటర్‌లో" అని రాసేటప్పుడు ర్ కింద ల ఒత్తు పడకుండా మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు పెడతాం. ఒక కీబోర్డులో అది దానంతటదే పడుతుంది, ఇంకోదానిలో పడదు. పదం చివర పడితే తెరమీద రెండు పేర్లూ ఒకేలా ఉంటాయి, బైట్లు వేరు. కోడ్‌లో మనం టైప్ చేసిన పేరు, డిస్కులో ఉన్న పేరు కలవవు. అందుకే తెలుగు పేర్లను కోడ్‌లో టైప్ చేయొద్దు. ఫోల్డర్‌ను చదివి, అది ఇచ్చిన పేరునే అలాగే లిస్టులో పెట్టండి.

## విండోస్ మీద లిస్టు

పైథాన్ మీ లిస్టును విండోస్ కోసం మళ్లీ ఒకే స్ట్రింగుగా అతుకుతుంది, మైక్రోసాఫ్ట్ నియమాల ప్రకారమే. చేత్తో అతికితే ఎక్కడ చెడుతుందో ఒక ఉదాహరణ: ఫోల్డర్ పాత్ చివర బ్యాక్‌స్లాష్ ఉండి, దాని వెనకే మూసే కోట్ వస్తే, ఆ రెండూ కలిసి "ఇది మామూలు కోట్ అక్షరం" అని అర్థమిస్తాయి. కోట్ మూసుకోదు, తర్వాతి ఆర్గ్యుమెంట్ కూడా ఇందులో కలిసిపోతుంది. లిస్టు ఇస్తే పైథాన్ ఆ బ్యాక్‌స్లాష్‌ను రెండు చేసి సరిచేస్తుంది.

అసలు సమస్య బ్యాట్ ఫైళ్లతో, అంటే విండోస్ కమాండ్లు వరుసగా రాసి ఉంచిన ఫైళ్లతో. బ్యాట్ లేదా సీఎండీ ఫైలును పిలిస్తే, మీరు షెల్ అడగకపోయినా విండోస్ లోపల సీఎండీని తెచ్చి దానికి అప్పగిస్తుంది. సీఎండీకి కోట్ల నియమాలు వేరు, శాతం గుర్తు వేరు. 2024 ఏప్రిల్‌లో ఇది పెద్ద చర్చ అయింది. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష 1.77.2లో సవరణ తెచ్చింది, లోపానికి తీవ్రత పదికి పది వేశారు. నోడ్ కూడా అదే వారంలో సవరించింది. ఆ తర్వాత షెల్ లేకుండా బ్యాట్ ఫైలును స్పాన్ చేయబోతే ఎర్రర్ ఇస్తుంది. బయటివాళ్లు పెట్టిన పేర్లను బ్యాట్ ఫైలుకు ఆర్గ్యుమెంట్‌గా పంపకండి. దీన్లో మినహాయింపు వెతకొద్దు.

తెలుగుకు విండోస్‌లో పాత ఏఎన్ఎస్ఐ కోడ్‌పేజీ (యూనికోడ్‌కు ముందటి అక్షరాల పట్టిక) లేదు. పైథాన్ యూనికోడ్‌లోనే పంపుతుంది, కానీ అవతలి ప్రోగ్రాం పాతకాలపు పద్ధతిలో ఆర్గ్యుమెంట్లు చదివితే తెలుగు అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి. అప్పుడు మన వైపు ఏం చేసినా లాభం లేదు. ఫైలును 000412 లాంటి అంకె పేరుతో తాత్కాలిక ఫోల్డర్లోకి కాపీ చేసి, ఆ పేరుతో పిలవడమే దారి.

## స్టాండర్డ్ ఇన్‌పుట్

స్టాండర్డ్ ఇన్‌పుట్ అంటే నడుస్తున్న ప్రోగ్రాంలోకి సమాచారం పోసే దారి. పంపాల్సింది పేరు కాదు, సరుకే అయినప్పుడు, లేదా ఎవరికీ కనబడకూడనిది అయినప్పుడు ఇది వాడండి. ఆర్గ్యుమెంట్లు రహస్యం కావు. మామూలు లినక్స్ మెషీన్‌లో పీఎస్ కొడితే ఏ యూజర్ నడిపే కమాండ్ అయినా పూర్తిగా కనిపిస్తుంది. మా లాంటి షాపులకు రోజూ ఈ-ఆధార్ పీడీఎఫ్‌లు ప్రింటుకు వస్తాయి. వాటి పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. పీడీఎఫ్ తాళం తీసే క్యూపీడీఎఫ్ అనే ప్రోగ్రాముకు దాన్ని ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే మనిషి వివరాలు అందరికీ కనిపించేలా రాసినట్టే. క్యూపీడీఎఫ్‌లో పాస్‌వర్డ్-ఫైల్ అనే ఆప్షన్ ఉంది, దానికి ఒక గీత ఇస్తే పాస్‌వర్డ్‌ను స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి చదువుకుంటుంది.

రెండు చోట్ల జాగ్రత్త. లినక్స్‌లో పైపు మామూలుగా 64 కేబీ పడుతుంది. పెద్ద సరుకును ఒకవైపు తోస్తూ, అవతలి అవుట్‌పుట్‌ను చదవకుండా ఉంటే రెండు పైపులూ నిండి ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగిపోతారు. రన్‌లో ఇన్‌పుట్ పారామీటర్ వాడితే పైథానే చూసుకుంటుంది. రెండోది ఎఫ్ఎఫ్ఎంపెగ్. అది మనం అడగకపోయినా స్టాండర్డ్ ఇన్‌పుట్ చదువుతుంది. షెల్ లూపులో ఫైళ్ల జాబితా చదువుతూ దాన్ని పిలిస్తే, ఆ జాబితాను అది మింగేస్తుంది. మొదటి వీడియో అయ్యాక లూపు ఆగిపోతుంది, లేదా పేర్లు సగం తెగి వస్తాయి. -నోఎస్‌టీడీఇన్ ఇవ్వాలి.

## ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్

ఇది ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు ఒక పేరు పెట్టి దానికి అందించే విలువ. సెట్టింగులకు బాగుంటుంది, ఫైళ్ల పేర్లకు కాదు. వేరే యూజర్లకు కనిపించదు, కానీ ఆ ప్రోగ్రాం మళ్లీ పిలిచే ప్రతి ప్రోగ్రాముకూ వారసత్వంగా పోతుంది. మీకు తెలియని మూడో ప్రోగ్రాం దాన్ని చదవొచ్చు.

## జాబితా ఫైలు

పెళ్లి ఆల్బమ్‌లో 1,800 ఫొటోలు. ఒక్కో పాత్ తెలుగులో సుమారు 150 బైట్లు అనుకుంటే మొత్తం 2,70,000. షెల్‌కు ఒకే స్ట్రింగుగా పంపితే పోదు, ఎందుకంటే మీ కమాండ్ మొత్తం షెల్‌కు ఒకే ఆర్గ్యుమెంట్, లినక్స్‌లో ఒక ఆర్గ్యుమెంట్ 1,31,072 బైట్లు దాటకూడదు. అదే పని లిస్టుతో చేస్తే పోతుంది, మామూలు 8 ఎంబీ స్టాక్ ఉన్న మెషీన్‌లో మొత్తం హద్దు సుమారు 2 ఎంబీ. విండోస్‌లో మొత్తం కమాండ్ 32,767 అక్షరాలు, సీఎండీ మీదుగా అయితే 8,191. అక్కడ ఏ రకంగానూ పట్టదు.

ఇలాంటప్పుడు పేర్లను ఒక టెక్స్ట్ ఫైలులో లైనుకొకటి రాసి, ఆ ఒక్క ఫైలు పేరు పంపాలి. టెసరాక్ట్‌కు బొమ్మ బదులు ఇలాంటి జాబితా ఇస్తే అన్నిటినీ వరుసగా చదివి పీడీఎఫ్ కావాలని చెబితే ఒకే పీడీఎఫ్ చేస్తుంది. సెవెన్-జిప్, జీసీసీ, జావాసీ లాంటివి, పేరుకు ముందు @ (యట్) గుర్తు పెట్టి ఇచ్చిన ఫైలును జాబితాగా తీసుకుంటాయి. ఎగ్జిఫ్‌టూల్‌కు దీనికోసం వేరే ఆప్షన్ ఉంది. ప్రోగ్రాముకు ఈ సౌకర్యం లేకపోతే, లిస్టును వందేసి చొప్పున విడగొట్టి పిలవండి. షెల్‌లోనే చేయాలంటే ఫైండ్‌కు -ప్రింట్0, ఎక్స్ఆర్గ్స్‌కు -0. ఆ సున్నా లేకపోతే ఎక్స్ఆర్గ్స్ కూడా స్పేస్ దగ్గర కోస్తుంది.

## ఎవరికి ఏది

సొంత మెషీన్‌లో సొంత ఫైళ్ల మీద చిన్న స్క్రిప్టు రాసుకునేవాళ్లకు లిస్టు. షెల్ స్ట్రింగు కన్నా నాలుగు అక్షరాలు ఎక్కువ కొట్టాలి, అంతే నష్టం. బ్యాష్‌లోనే రాసేవాళ్లు వచ్చిన ఆర్గ్యుమెంట్లను ముందుకు పంపేటప్పుడు "$@" అని కోట్లతో సహా రాయండి, కోట్లు వదిలేస్తే లిస్టు మళ్లీ ముక్కలవుతుంది.

వెబ్‌సైట్‌లో జనం అప్‌లోడ్ చేసే ఫైళ్లతో పని ఉన్నవాళ్లకు లిస్టు ఒక్కటే చాలదు. వచ్చిన పేరును కమాండ్ దాకా రానివ్వొద్దు. ఫైలుకు మీ అంకె పెట్టి, అసలు పేరును డేటాబేస్‌లో ఉంచండి. ఇంకా మంచిది, పైథాన్‌లో పిల్లో లాంటి లైబ్రరీతో అయిపోయే పనికి బయటి ప్రోగ్రామ్‌ను పిలవకండి. కొంచెం కోడ్ పెరుగుతుంది, కానీ కొయ్యడమనే పనే ఉండదు.

విండోస్ షాపుల వాళ్లకు లిస్టు, అంకె పేర్లు, రెండూ. మా దగ్గర పాత ప్రింటర్‌కు ఇంకా ఒక బ్యాట్ ఫైలు మిగిలి ఉంది, దాన్ని మార్చే తీరిక దొరకలేదు. దానికి మేం పంపేది 000412 లాంటి అంకె ఒక్కటే. "శ్రీను & లక్ష్మి" అనే పేరు కవరు మీద పడేది డేటాబేస్ నుంచి.